తప్పు చెప్పిన కొలబద్ద

లేవార్డెన్ ఆసుపత్రి మూడో అంతస్తులో
డాక్టరు రెన్స్కె కాగితం మీద రెండు గింజలు గీసింది.
అచ్చం చిక్కుడు గింజలు.
"ఇవి మీవి, హిల్కె గారూ" అంది.
నలభై ఏళ్ళు తూముల కాపరిగా చేసినవాణ్ణి,
గీత చూస్తే నీళ్ళెటు పోతాయో తెలుస్తుంది నాకు.

మా ఊరు సముద్రానికి మీటరున్నర కింద.
గట్టు లేకపోతే మేం చేపలం.
వాన పడితే తోడిపొయ్యాలి,
ఎండ కాస్తే కాలవలోంచి కాసిన్ని వదలాలి.
నేల ఎండితే కుంగుతుంది,
నానితే దుంప కుళ్ళుతుంది.
రెండు వేళ్ళ తేడాలో మా బతుకంతా.

ఆమె చెప్పుకుంటూ పోయింది:
ఒక్కో గింజలో ఇంచుమించు పది లక్షల జల్లెళ్ళు.
గుండె తోడే ప్రతి అయిదు చెంబుల నెత్తుట్లో
ఒక చెంబు నేరుగా ఇక్కడికే.
ఎర్రకణాలు లావుపాటి పెద్దమనుషుల్లా ఇవతలే ఆగిపోతాయి,
నీరూ ఉప్పూ చక్కెరా మురికీ
సందుల్లోంచి జారిపోతాయి,
రోజుకి నూట ఎనభై లీటర్లు.

"నూట ఎనభయ్యా! నేను పోసేది సీసాడో సీసాన్నరో!"
నవ్వింది.
"మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి."

మా అమ్మ ఏటా ఏప్రిల్లో ఇల్లు అలాగే సర్దేది.
ముందు సామానంతా వీధిలో పడేసి
కావలసినవి ఒక్కొక్కటే ఏరి లోపలికి తెచ్చేది.
చెత్త వెతికే పని లేదు,
బయట మిగిలిందే చెత్త.

"చక్కెర పలుకు కూడా వదలవు.
ఉప్పు మాత్రం లెక్కపెట్టి వదులుతాయి.
ఉప్పు ఎటు పోతే నీరు అటు."
ఇక్కడ నేను కుర్చీలో ముందుకు జరిగాను.

ప్రతి జల్లెడ గుమ్మంలో ఒక కాపలా ఉందట.
వచ్చే ధార నీరసించిందా,
రెనిన్ అని ఒక కబురు పంపుతుంది.
ఆ కబురు నెత్తుట్లో పడి,
ఊపిరితిత్తుల దగ్గర బలం పుంజుకుని,
ఊరూరా నాళాల్ని బిగించమంటుంది.
గింజల నెత్తిన టోపీల్లా కూర్చున్న గ్రంథులు
"ఉప్పు వదలొద్దు" అని కిందికి కేకేస్తాయి.
ఉప్పు ఆగుతుంది. నీరు ఆగుతుంది. పోటు లేస్తుంది.

"మరి నాకు రెండు వందల పది ఎందుకు?
కరువేం లేదే నా ఒంట్లో."

ఆమె పెన్ను ఎడమ గింజ దగ్గర ఆగింది.
"దీనికొచ్చే నాళం ముప్పావు పూడిపోయింది.
ఒళ్ళంతా వరదలో ఉన్నా
ఈ గుమ్మంలో మాత్రం సన్నటి ధారే.
దీనికి కరువే కనిపిస్తోంది,
అందుకే అరుస్తోంది."

నేను మాట్లాడలేదు.

ఒక ఆగస్టు రాత్రి.
కొలబద్ద గూట్లోకి నీళ్ళొచ్చే గొట్టంలో
రెల్లు అడ్డుపడింది.
బయట మట్టం లేస్తోంది,
లోపల తేలే బిళ్ళ ఉన్నచోటే ఉంది.
తక్కువ, ఇంకా తక్కువ అంది ముల్లు.
నేను తూము ఇంకో మెట్టు ఎత్తాను.
కాఫీ తాగాను. ఇంకో మెట్టు ఎత్తాను.
తెల్లారేసరికి ఔక్యె బంగాళాదుంప చేలో
బాతులు ఈదుతున్నాయి.

నా తప్పేం లేదని ఆఫీసువాళ్ళు కాగితం రాసిచ్చారు.
ఔక్యె ఏమీ అనలేదు.
పది రోజులాగి, కుళ్ళిన దుంప ఒకటి
నా గుమ్మం మీద పెట్టి పోయింది.

రెన్స్కె మాత్ర రాసింది, కబురును దారిలో పట్టుకోడానికి.
వచ్చే నెల నాళంలో చిన్న తీగల గొట్టం దూర్చి
వెడల్పు చేస్తారట.
ఉప్పు చేప మానేయమంది.
అది మాత్రం వినపడనట్టు కోటు తొడుక్కున్నాను.

ఇంటికి సైకిలు మీద, ఎదురుగాలి.
పాత పంపుహౌసు దగ్గర దిగాను.
ఇప్పుడక్కడ మనుషులు లేరు,
ఎక్కడో గదిలోంచి తెర చూసి నడుపుతారు.
గట్టు చాటున నిలబడి పోశాను:
నూట ఎనభైలో నా వంతు.

తర్వాత ఎడమ నడుం మీద చెయ్యి వేసుకున్నాను.
అరవొద్దు అనలేకపోయాను దాన్ని.
ముల్లు చెప్పింది నమ్మింది, అంతే.
లాంతరు పట్టుకుని నలభై అడుగులు నడిచి
నీళ్ళు చూసి రమ్మని
ఆ రాత్రి నాకు మాత్రం ఎవరు చెప్పారు?
నలభై అడుగులే.
ఇప్పుడు కొలిచాను.